వంకర మోకాలి గుర్రం

హరితాళపురం చూడని కళ్లు కళ్లే కావని ఆ దేశంలో ఒక మాట. ఊరికి ఉత్తరాన పసుపుపచ్చని రాతి కొండలు తొమ్మిది. దక్షిణాన జాజుమట్టి గట్లు. నడుమ నీలిమందు చేలు. వాన పడితే మూడు రంగులూ మూడు కాలవలై వీధుల్లో పక్కపక్కనే పారి, కోట కందకం చేరేసరికి ఒకటై సుడులు తిరుగుతాయి. రంగు పడని గోడ, బొమ్మ లేని తలుపు ఆ నగరంలో లేవు. రాజమార్గానికి కుడివైపున నూట ఎనిమిది స్తంభాల మీద రాజ చిత్రశాల. దాని శిఖరం మీద నిలువెత్తు బంగారు కుంచె పొద్దుటి ఎండకు ధగధగలాడుతుంటే, పరదేశం నుంచి వచ్చిన బాటసారులు వీధిలోనే ఆగి చేతులు జోడిస్తారు. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే జోడించరు.

లోపల చిత్రాచార్యుడు కేతోజు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఒరేయ్ ముమ్మనా, ఇదేమిట్రా?"

"ఈగ, అయ్యవారూ."

"రాజాశ్వం ముక్కు మీద ఈగ ఎందుకుందని అడుగుతున్నా."

"మీరు చూసి వేయమని గోడకు తగిలించారు కదండీ, ఆ పాత పటం. దాని ముక్కు మీద ఉందండీ."

"అది బతికున్న ఈగరా! వచ్చి వాలింది!"

"నేనూ అదే అనుకున్నానండీ, మాటిమాటికీ కదులుతోందేమిటా అని."

కేతోజు పళ్లు కొరుక్కుని, జాజులో కుంచె ముంచి, ఈగ మీద అడ్డంగా ఎర్రగీత కొట్టాడు. పక్క పటం సింగనది. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, రంగులు కలపడంలో చేయి తిరిగినవాడు. కానీ ఏ మనిషిని వేసినా చేతికి ఆరు వేళ్లు వేస్తాడు. ఈసారి కళ్లెం పట్టిన అశ్వకాపరికి వేశాడు. కేతోజు ఆ వేలిని కూడా కొట్టేశాడు. ఇప్పటికి ఎన్ని వందల వేళ్లు కొట్టేశాడో ఆయనకే గుర్తు లేదు.

"లెక్కపెట్టుకోరా నాయనా! నీ చేతికి ఎన్ని ఉన్నాయో చూసుకుని వేయి!" అని అరిచాడు.

సింగన చెయ్యి ఉత్తరీయం కింద దాచుకుని, ఏదో చెప్పబోయి, నసిగి ఊరుకున్నాడు.

ఆ చిత్రశాలకు ఒక కట్టుబాటు ఉంది. గురుపీఠం ఎక్కినవాడు మళ్లీ సొంతంగా బొమ్మ వేయకూడదు. శిష్యుల గీత నల్లమసిలో, గురువు దిద్దుబాటు జాజురంగులో. ఇరవై ఏళ్లుగా కేతోజు చెయ్యి దిద్దడం తప్ప మరో పని ఎరగదు. ఏటా మహారాజు ధవళసేనుడి పట్టాభిషేక తిథినాడు పొద్దున్నే పరీక్ష పెట్టాలి. ఎవడి పటం మీద ఎర్రగీత పడదో వాడికి గురువు తన పచ్చ శాలువా కప్పి, పల్లకీ ఎక్కించి కోటకు పంపాలి. వాడు నిండు సభలో మహారాజు బొమ్మ వేయాలి. ఎర్రగీత పడని పటం కేతోజు ఇంతవరకు చూడలేదు. ఏటా ఉన్నవాటిలో కాస్త తక్కువ ఎర్రగా ఉన్నదాన్ని ఏరి, దాని యజమానిని పంపి, సభలో తల వంచుకుని నిలబడటం ఆయనకు అలవాటైపోయింది.

ఇవాళే ఆ తిథి. ఈ ఏడు దానికి తోడు మరో గోల. పొరుగున ఉన్న గంధవతీ రాజ్యం నుంచి వచ్చిన తాటాకు కమ్మను మంత్రిగారు ఉదయమే పంపించారు. "కజ్జలనాథుడనే మాంత్రికుడు మా రాజుగారి బొమ్మ వేశాడు. వాడు వేస్తున్నకొద్దీ ప్రభువు పాదాల నుంచి పైకి సింహాసనం మీద మాయమవుతూ పటంలో తేలుతూ పోయారు. రాజ్యం వాడి వశమైంది. వాడు ఏ రూపమైనా ధరిస్తాడు. వాడి గీతలో తప్పుండదు. తప్పు పడిన చోట మంత్రం తెగుతుంది. అయితే మసి తడి ఆరకముందే తప్పు పడాలి. ఆరితే ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా లాభం లేదు. జాగ్రత్త." కమ్మ చదివి కేతోజు ముక్కుతో నవ్వాడు. తప్పులే రక్ష అయితే తన చిత్రశాలంత భద్రమైన చోటు ముల్లోకాల్లో లేదు.

ముప్పైతొమ్మిది పటాలు ఎర్రబడ్డాయి. నలభయ్యోది కొమ్మనది.

కొమ్మన ఇరవై ఆరేళ్లవాడు, అశ్వశాల కాపరి కొడుకు. ఏనుగును వేస్తే ఘీంకరిస్తుందేమో అనిపిస్తుంది. మనిషిని వేస్తే గోటి నుంచి జుట్టు దాకా వంక పెట్టడానికి ఉండదు. గుర్రాన్ని వేస్తే మాత్రం ముందరి ఎడమకాలి మోకాలు వెనక్కి మడుస్తాడు. గుర్రాల మధ్య పుట్టి పెరిగినవాడికి ఇదేం తెగులో కేతోజుకు అంతుపట్టలేదు. బతిమాలాడు, తిట్టాడు, ఒకసారి అశ్వశాలకు లాక్కుపోయి పన్నెండు గుర్రాల మోకాళ్లు పట్టుకుని మరీ చూపించాడు. ఆఖరి గుర్రం తన్నింది కూడా. అంతా చూసి కొమ్మన, "ఇయ్యి అట్టా ఉంటయ్యి అయ్యవారూ. కానీ గుర్రమంటే ఇట్టా ఉంటది," అన్నాడు. ఏడేళ్లుగా అదే మాట, అదే మోకాలు.

కేతోజు చూడకుండానే కుంచె ఎత్తాడు. ఎడమ మోకాలి దగ్గరకు తెచ్చి ఆగిపోయాడు.

మోకాలు ముందుకే మడిచి ఉంది.

ఆయన కళ్లు నులుముకున్నాడు. గిట్టలు సరిగ్గా ఉన్నాయి. మెడ వంపు, జూలు, ముక్కుపుటాల అదురు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కళ్లెం పట్టుకున్న కాపరికి కొమ్మన తన మొహమే పెట్టుకున్నాడు, నోరు కొంచెం తెరిచి. పోనీలే, ముచ్చటపడ్డాడు. కేతోజు పటం తలకిందులు చేసి చూశాడు. తప్పు లేదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి జాజు కుంచె పొడిగానే కిందికి దిగింది.

"కొమ్మనా!" అని కేక పెట్టాడు. "వచ్చిందిరా! నా తండ్రే! వచ్చింది!"

కొమ్మన లేచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కేతోజు ఆనందం పట్టలేక పచ్చ శాలువా తీసి వాడి భుజాల మీద తనే కప్పాడు. బయట బోయీలు పల్లకీ దగ్గర లేచి నిలబడ్డారు. అంతటితో ఊరుకుంటే ఆయన కేతోజు కాడు. మిగిలిన ముప్పైతొమ్మంది సిగ్గుపడాలి కదా! పెట్టె తెరిచి కొమ్మన ఏడేళ్ల పాత పటాలు తీసి పీఠం మీద పరిచాడు. అన్ని గుర్రాలూ మోకాలు వెనక్కి మడిచి, మూతి బిగించి నిలబడ్డాయి.

"చూడండిరా వెధవల్లారా! పట్టుదలంటే ఇదీ! ఏరా, ఇన్నాళ్లూ ఇదే ఒప్పని నాతో దెబ్బలాడావు. ఇప్పుడేమంటావు?"

"తమరి బోధనా ఫలం, ఆచార్యా," అన్నాడు కొమ్మన వినయంగా.

కేతోజు సంతోషంలో ఏదో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఏడేళ్లలో కొమ్మన తనను అయ్యవారూ అనడమే తప్ప ఆచార్యా అన్నది లేదు. అది సరే. తన తప్పు ఒప్పుకున్నది అసలే లేదు. నమ్మాలని ఆయన మనసు కొట్టుకుంది. తన చదువు ఒక్కడికైనా అబ్బిందని నమ్మడం ఎంత హాయిగా ఉందో! అయినా పాత అలవాటు చొప్పున నోరు దానంతటదే లేచింది.

"సరే గానీ, ఈ మోకాలు తప్పురా," అన్నాడు.

"చిత్తం."

"వెనక్కి మడవాలి."

"చిత్తం, ఆచార్యా. తమరు ఎలా సెలవిస్తే అలా."

కొమ్మన అయితే ఈపాటికి పీఠం ఎక్కి వాదించేవాడు. ముందుకు మడిచినా వాదించేవాడే, వెనక్కి మడిచినా వాదించేవాడే.

"అయితే నువ్వే దిద్దు," అని జాజు కుంచె వాడి చేతికిచ్చాడు.

కుంచె పట్టుకున్న చెయ్యి పటం దాకా వచ్చి నిలిచిపోయింది. కొమ్మన నుదుట చెమట పట్టింది. ఆ చెమట నల్లగా ఉంది.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు కేతోజు. "నా కొమ్మన ఎక్కడ?"

వాడు కుంచె విసిరికొట్టి పకపకా నవ్వాడు. నవ్వుతుంటే బుగ్గలు కరిగి జారాయి. కొమ్మన మొహం కింద నుంచి దీపపు సెమ్మె అడుగున పట్టిన మసిలాంటి మొహం, నిప్పుకణికల కళ్లు బయటపడ్డాయి. "వాడా? వాణ్ణి నువ్వు ఇందాకే మెచ్చుకున్నావు కదా ముసలివాడా! కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు చూడు. ఎండ పటం దాటేలోగా వాడు ఆరిపోతాడు. మీ రాజు మధ్యాహ్నానికి ఆరిపోతాడు!"

కజ్జలనాథుడు రెండు చేతులూ విదిలించాడు. పదివేళ్ల నుంచీ మసి జలజలా కారి వరదలా పరుచుకుంది. శిష్యులు గగ్గోలు పెడుతూ తలుపు దగ్గరకు పరిగెత్తారు. బెల్లం మీద ఈగల్లా అంతా అక్కడే అతుక్కుపోయారు. నలభై బారల శాల నేలంతా నల్లటి జిగురు. పీఠం ఎత్తుగా ఉండబట్టి కేతోజు మాత్రం తప్పించుకున్నాడు. మాంత్రికుడు చేత్తో మొహం ఒకసారి తుడుచుకుని మళ్లీ కొమ్మనై, పచ్చ శాలువా సర్దుకుని, మసి మీద తాపీగా నడిచి బయటకు పోయాడు. తలుపులు మూతపడ్డాయి. బోయీల హుం హుం కారాలు రాజమార్గం పట్టి దూరమయ్యాయి.

శాలువా కప్పింది తనే. కేతోజు నెత్తి బాదుకున్నాడు.

తరవాత పటం మీదికి వంగాడు. కిటికీలోంచి ఎండ పటం మీద పడి నెమ్మదిగా పాకుతోంది. గడ్డి ఆరింది, చెట్టు ఆరింది, గుర్రం తోక ఆరిపోయింది. కాపరి పెదవులు కదులుతున్నాయి. చెవి ఆనిస్తే బావి అడుగు నుంచి వచ్చినట్టు గొంతు వినిపించింది.

"అయ్యవారూ! నేనే! తీయండి నన్ను!"

తుడిస్తే గుర్రంతో పాటు కొమ్మనా తుడుచుకుపోతాడు. ఒకటే దారి. కేతోజు జాజులో కుంచె ముంచి, మోకాలు తప్పుగా వేద్దామని గీత లాగాడు. గీత సరిగ్గా ముందుకే వంగింది, మాంత్రికుడి గీత కన్నా అందంగా. కళ్లు మూసుకుని మళ్లీ లాగాడు. మళ్లీ ఒప్పే. కుంచె ఎడమచేతికి మార్చి లాగాడు. అదీ ఒప్పే. ఇరవై ఏళ్లు దిద్దిన చెయ్యికి తప్పు దారి తెలియదు. ముప్పైతొమ్మంది తప్పుల మారాజులేమో శాలకు ఆ కొసన తలుపుకు అతుక్కుని ఏడుస్తున్నారు.

"ఛీ! దీని దుంప తెగ!" అని సొంత చేతినే తిట్టుకున్నాడు. అప్పుడు చూశాడు. కాపరి కుడిచేతి దగ్గర మసి చిక్కగా పడింది. ఇంకా తడితడిగా ఉంది. ఆ వేళ్లు కళ్లెం వదిలి, మళ్లీ పట్టుకున్నాయి.

కేతోజు పక్కనే ఉన్న ఉడుతతోక కుంచె నుంచి ఒక్క వెంట్రుక పీకి, జాజులో అద్ది, బొమ్మ వేళ్ల దగ్గర పెట్టాడు. వేళ్లు దాన్ని అందుకున్నాయి.

"వెయ్యరా కొమ్మనా! నీ తప్పు నువ్వు వెయ్యి! ఆ దిక్కుమాలిన మోకాలు వెయ్యి!"

లోపలి నుంచి జవాబు నిదానంగా, మొండిగా వచ్చింది.

"అది తప్పు కాదయ్యవారూ."

"ఏమన్నావురా?"

"తప్పంటే నేనెయ్యను. మా పిచ్చిక కాలు అట్టాగే ఉంటది."

"పిచ్చికేమిట్రా! ఎండ నీ మొల దాకా వచ్చింది, చూసుకో!"

"మా గుర్రం పేరయ్యవారూ. గుంటలో పడి మోకాలు విరిగింది. ఎనక్కి అతుక్కుంది. చంపెయ్యమన్నారు సాల అధికారులు. మా నాయన చంపలేదు. మా అమ్మ పోయినాక నన్ను ఈపు మీద ఏసుకుని పెంచింది అదేనయ్యా. నాకు గుర్రమంటే అదే. మీరు ఏడేళ్లు దాని కాలు ఎర్రగా కొట్టేశారు."

ఎండ కాపరి మొలనూలు తాకింది. మోకాలు ఎందుకలా వేస్తావని కేతోజు ఇన్నాళ్లూ అరిచాడే గాని, ఎవరి మోకాలని ఒక్కనాడూ అడగలేదు.

"ఒప్పేరా!" అని అరిచాడు. "నీ పిచ్చిక కాలే ఒప్పు! నేను చూపించిన పన్నెండు గుర్రాలూ తప్పు, నన్ను తన్నిందే, అది మరీ తప్పు! ఇక వెయ్యరా నాయనా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"అట్టాగనండి ముందే," అన్నాడు కొమ్మన. వెంట్రుక కుంచె కదిలింది. ఎర్రటి సన్నగీత ఒకటి మోకాలి మీద వెనక్కి వంగింది.

పటం పెళ్లున చీలింది. నల్లటి గుర్రం సకిలిస్తూ ఆ చీలికలోంచి శాలలోకి దూకింది. ఒక ఎర్రమోకాలు, వెనక్కి మడిచి. తోక లేదు. అది పటంలోనే ఆరిపోయి ఉండిపోయింది. కళ్లెం పట్టుకుని కొమ్మన దానితో పాటే బయటపడి, లేచి, ముందు గుర్రం మెడ కావలించుకున్నాడు. గుర్రం వాడి చెవి కొరికింది.

"పిచ్చికే అయ్యవారూ! చెవి కొరికింది చూడండి!"

"చూశాను, ఎక్కు! నన్నూ ఎక్కించు! ఆ వెధవ కోట దగ్గరికి చేరి ఉంటాడు!"

మసిలో పుట్టిన గిట్టలు మసికి అంటుకోలేదు. పిచ్చిక ఒక్క పరుగున శాల దాటి, తూర్పు కిటికీ జాలీ బద్దలుకొట్టుకుని రాజమార్గంలో పడింది. కోట ఎడమవైపు. పిచ్చిక కుడివైపు తిరిగింది.

"ఇటు కాదురా, అటు!"

"కాలు వంకర కదయ్యా. కుడికే తిరుగుతది. మూడుసార్లు కుడికి తిప్పితే ఎడమవుతది."

"నా ఖర్మ!" అన్నాడు కేతోజు.

కుడికి తిరిగి రంగుల అంగడిలో పడ్డారు. హరితాళపు రాశులు రెండు ఎగిరి, గుర్రమూ గురువూ శిష్యుడూ పసుపు ముద్దలయ్యారు. మళ్లీ కుడికి తిరిగి నీలిమందు తొట్ల మధ్య నుంచి దూసుకుపోయారు. అక్కడ రంగు తొక్కుతున్న ఆడవాళ్లు చీరలు ఎత్తిపట్టుకుని పరిగెత్తారు. మూడోసారి కుడికి తిరిగేసరికి ఎదురుగా కోట. కందకం మీది వంతెన పైకి లేస్తోంది. పచ్చ శాలువా కప్పుకున్న చిత్రకారుడు లోపలికి పోతూ, వెనక ఎవరొచ్చినా రానివ్వవద్దని ఆజ్ఞ వేసిపోయాడు.

"దూకుతదా?" అన్నాడు కేతోజు, కొమ్మన నడుము కరుచుకుని.

"బతికున్నప్పుడు దూకలేదు. ఇప్పుడు చూద్దాం."

పిచ్చిక దూకింది. వెనక గిట్ట ఒకటి నీటిని తాకి చుయ్యిమని కరిగిపోయింది. మూడు గిట్టలతో, రెండు మంచి కాళ్లతో గట్టెక్కింది. భటులు ఈటెలు ఎత్తారు. శాలువా లేనివాణ్ణి, అందులోనూ పసుపు పూసుకున్న ముసలివాణ్ణి, చిత్రాచార్యుడని ఎవరు నమ్ముతారు? ఎదురుగా సభామండపానికి పోయే పొడవాటి నడవ. రెండు వైపులా గోడల నిండా ఊరేగింపు బొమ్మలు. కొమ్మన పిచ్చిక చెవిలో ఏదో చెప్పాడు. అది ఎంతైనా బొమ్మే కదా! ఈటెలు విసిరేలోగా ఎడమ గోడను చేరి, వీళ్లిద్దరితో సహా గోడలోకి దిగిపోయింది.

గోడలోపల చప్పుడు లేదు. గాలి సున్నపు వాసన వేస్తోంది. చుట్టూ బొమ్మ ఏనుగులు, బొమ్మ కాగడాలు, బొమ్మ జనం. పిచ్చిక వాళ్ల మధ్య నుంచి కుంటుతూ పరిగెత్తింది. గోడ బయట భటులు నోళ్లు తెరిచి చూస్తున్నారు.

"ఆ తొండం చూడు! ఎవడు వేశాడ్రా ఆ తొండం?" అన్నాడు కేతోజు వెనక్కి తిరిగి.

"అయ్యవారూ!"

"సరేలే, పోనీ!"

నడవ చివర గోడ మలుపు తిరిగి సభామండపం వెనకగోడ అయ్యింది. పిచ్చిక ఆగింది. ముగ్గురూ గోడలోంచి తలలు మాత్రం బయట పెట్టారు.

సభ అంతా కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే నల్లటి మసిలో బిగుసుకుపోయి ఉంది. ఆ గోడకు దగ్గరగా నిలువెత్తు పటం. దాని ముందు పచ్చ శాలువాతో, కొమ్మన రూపంలో కజ్జలనాథుడు. వాడి వీపు రెండు మూరల దూరంలో ఉంది. సింహాసనం మీద మహారాజు ధవళసేనుడు నడుము నుంచి పైకే ఉన్నాడు. కింద ఖాళీ. ఆయన కాళ్లు పటంలో ఉన్నాయి, పట్టు మడతలతో సహా. వాటిలో తప్పు లేదు. కేతోజు నిలువునా వెతికాడు, వెంట్రుకవాసి తప్పు కూడా దొరకలేదు. ఆయన దగ్గర జాజు కుంచె ఉంది, దాని కొనన ఒక్క గీతకు సరిపడా రంగు ఉంది. కుంచె కొమ్మన చేతిలో పెట్టాడు.

"వెయ్యి. రాజుగారి మోకాలు వెనక్కి మడిచెయ్యి," అని గుసగుసలాడాడు.

కొమ్మన పటం వంక చూసి తల గోక్కున్నాడు. "గుర్రమైతే ఏసేవాణ్ణి అయ్యవారూ. మనిషి మోకాలు నాకు సరిగ్గానే వస్తది. మీరే అన్నారు."

కేతోజుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏడేళ్లకు ఒక్కసారి తప్పు వేయమంటే వీడికి తప్పు రాదు! "ఇప్పుడు సింగన గాడున్నా బాగుండేది. కళ్లు మూసుకుని ఆరో వేలు వేసి పారేసేవాడు."

"సింగనన్న ఏస్తాడయ్యా. ఆయన చేతికి ఆరు ఉన్నయ్యి గదా."

కేతోజు గిరుక్కున కొమ్మన వైపు తిరిగాడు. "ఏమిటీ?"

"ఆరు వేళ్లు. పుట్టుకతోనే. మీరు చూళ్లేదా?"

ఉత్తరీయం కింద దాచుకున్న చెయ్యి కేతోజు కళ్ల ముందు కదిలింది. నీ చేతికి ఎన్ని ఉన్నాయో చూసుకోరా అని ఈ పొద్దునే నలుగురిలో అరిచాడు. వాడు చూసుకునే వేశాడు. వందల వేళ్లు కొట్టేసిన ఈ గురువే ఏ ఒక్కదాన్నీ చూడలేదు. ఇంత సిగ్గు ఆయన జీవితంలో ఎరగడు.

"ఏ చెయ్యిరా?" అన్నాడు. "ఎటువైపు?"

"కుడిచెయ్యి. చిటికెన వేలి పక్కన, బఠాణీ గింజంత. దానికి చిన్న గోరు కూడా ఉంటది."

కేతోజు కుంచె మళ్లీ తన చేతిలోకి తీసుకున్నాడు. ఇది తప్పు అనుకుంటే చెయ్యి దిద్దేస్తుంది. సింగన చెయ్యి అనుకోవాలి. బఠాణీ గింజ, చిన్న గోరు. చేతికి నమ్మకం కుదిరింది. కానీ అభయమిస్తున్నట్టు ఎత్తిన మహారాజు కుడిచెయ్యి ఇంకా సింహాసనం మీదే ఉంది. అది పటంలోకి వస్తే గాని వేలు వేయడానికి వీల్లేదు. ఆయన్ని కాపాడాలంటే ఆయన ఇంకా మునిగేదాకా చూస్తూ నిలబడాలి.

మాంత్రికుడి కుంచె నడుము దాటింది, మోచేయి దాటింది. ధవళసేనుడు గోడలోంచి పొడుచుకొచ్చిన పసుపు మొహాన్ని చూశాడు. పెదవి విప్పబోయాడు. కేతోజు వేలు మూతి మీద పెట్టుకున్నాడు. పటంలో మణికట్టు తేలింది. బొటనవేలు పడింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు పడ్డాయి. కేతోజు గోడలోంచి చెయ్యి చాచి, మాంత్రికుడి భుజం మీదుగా కుంచె కొన పటం దాకా తెచ్చాడు. చిటికెన వేలు పడింది.

కజ్జలనాథుడు వెనక్కి తిరగలేదు. ముక్కుపుటాలు మాత్రం ఒకసారి ఎగరేశాడు.

"ఆచార్యా," అన్నాడు మెల్లగా, "పక్కన జాజు వాసన వేస్తోంది."

కేతోజు కుంచె వెనక్కి తీసుకోలేదు. చిటికెన వేలి పక్కన బఠాణీ గింజంత వేలు పెట్టేశాడు.